యురేనియం-235 గారికి సంజాయిషీ నోటీసు

ఇందుమూలంగా యురేనియం-235 గారికి, వారి విచ్ఛిత్తి సంతానానికి తెలియజేయడమేమనగా, రియాక్టర్‌లో మీకు అప్పగించిన పని నీళ్లు కాచడం. అంతకుమించి ఏమీ లేదు. న్యూట్రాన్ తగలగానే మీరు రెండు ముక్కలవ్వాలి, ఆ వేడికి నీరు ఆవిరై టర్బైన్ తిరగాలి. సహజ యురేనియంలో మీ వాటా 0.7 శాతమే అయినా, చాలా రియాక్టర్లలో దాన్ని 3 నుంచి 5 శాతానికి పెంచి మరీ పీట వేశాం. బొగ్గులా మీరు రోజూ పొగ కక్కి ఊపిరితిత్తులు పాడుచేయరన్న సంగతి కూడా మీ సర్వీసు రికార్డులో నమోదైంది.

అయితే ఆపమంటే ఆగరన్నది మీపై ప్రధాన అభియోగం. న్యూట్రాన్లను మింగే కంట్రోల్ రాడ్లు దిగితే, ఒక పరమాణువు చీలి మరొకదాన్ని చీల్చే గొలుసు చర్య ఆగుతుంది, కాదనం. మీ ముక్కలు మాత్రం క్షయమవుతూ వేడి చిమ్ముతూనే ఉంటాయి. 1000 మెగావాట్ల కరెంటు ఇచ్చే రియాక్టర్‌లో పుట్టే వేడి సుమారు 3000 మెగావాట్లు. ఆపిన క్షణాన అందులో 6-7 శాతం, అంటే దాదాపు 200 మెగావాట్లు మిగిలే ఉంటుంది. ఒక రోజు గడిచాక కూడా అర శాతం, అంటే 15 మెగావాట్లు. సెకనుకు ఆరు లీటర్ల నీటిని ఆవిరి చేయడానికి అది చాలు. ఆ నీరు అందకపోతే ఇంధన కడ్డీల జిర్కోనియం తొడుగు కాగి, ఆవిరితో చర్య జరిపి హైడ్రోజన్ పుట్టిస్తుంది. అది పేలిందంటే భవనానికి కప్పు ఉండదు.

2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమా దైఇచి అణువిద్యుత్ కేంద్రంలో భూకంపం రాగానే నడుస్తున్న మూడు రియాక్టర్లూ బుద్ధిగా ఆగాయి. దాదాపు యాభై నిమిషాలకు సునామీ వచ్చింది. పంపులు తిప్పాల్సిన డీజిల్ జనరేటర్లు చాలావరకు బేస్‌మెంట్లలో ఉన్నాయి. సముద్రం పక్కన, నేల కింద! మూడు రియాక్టర్లలోనూ ఇంధనం కరిగింది. జనరేటర్లను అక్కడ పెట్టింది మీరు కాదని విచారణలో తేలినందున ఈ పేరాను నోటీసు నుంచి కొట్టివేయాలనుకున్నాం, టైపిస్టు మరిచాడు.

1979 మార్చి 28న అమెరికాలోని అణువిద్యుత్ కేంద్రం త్రీ మైల్ ఐలండ్‌లో ఒక కవాటం తెరుచుకుని ఇరుక్కుపోయింది. కంట్రోల్ రూములో దాని దీపం మాత్రం ఆరింది. మూసుకోమన్న ఆజ్ఞ వెళ్లిందని చెప్పడమే ఆ దీపం పని, అమలైందా లేదా అన్నది దానికి సంబంధం లేని విషయం. కవాటం మూసుకుందనే సిబ్బంది నమ్మారు. రెండు గంటలకు పైగా నీరు కారిపోయింది, ఇంధనంలో దాదాపు సగం కరిగింది. (మా కార్యాలయంలో ఆజ్ఞలన్నీ ఇలాగే అమలవుతాయి, కాకపోతే ఇక్కడ ఏదీ కరగదు.)

ఇక మీ పిల్లలు, అంటే మీరు చీలగా పుట్టిన ముక్కలు. వీరిపై మారువేషాల కేసుంది. సీజియం-137 పొటాషియంలా నటించి కండరాల్లో చేరుతుంది. స్ట్రాన్షియం-90 కాల్షియంనంటూ ఎముకల్లో స్థిరపడుతుంది. అయోడిన్-131కు వేషమే అక్కర్లేదు, గడ్డి మీద పడి, ఆవు మేస్తే పాలలోకి వచ్చి, తాగిన పిల్లల థైరాయిడ్ గ్రంథిలో తిష్ఠ వేస్తుంది. పొటాషియం అయోడైడ్ మాత్రను సమయానికి మింగితే థైరాయిడ్ ముందే నిండిపోయి ఇతగాడికి చోటు దొరకదు. జనం ఆ మాత్రను సర్వరోగ నివారిణిగా భావిస్తున్నట్టు మా దృష్టికి వచ్చింది. సీజియం ముందు అది వట్టి తాయెత్తు.

పదవీ విరమణ తర్వాతా మీ పోషణ మాదే. 1000 మెగావాట్ల రియాక్టర్ ఏటా 20 నుంచి 30 టన్నుల వాడిన ఇంధనాన్ని వదులుతుంది. దాన్ని కొన్నేళ్లు నీటి కొలనులో చల్లార్చాలి. ఫిన్లాండ్‌లో అయితే రాగి డబ్బాల్లో పెట్టి, బెంటొనైట్ మట్టి చుట్టి, 400 మీటర్ల లోతు రాతిలో పూడ్చేందుకు ఒంకాలో అనే సొరంగాన్ని తవ్వారు. లక్ష ఏళ్ల లెక్క అది. ‘ఇక్కడ తవ్వరాదు’ అన్న బోర్డు ఏ భాషలో రాయాలన్నది ఇంకా ఫైలులోనే ఉంది.

మీ సంజాయిషీ 15 రోజుల్లోగా అందాలి. అర్ధాయువు (ఉన్నదాంట్లో సగం తరిగిపోయే కాలం) 8 రోజులే గనుక ఆ గడువులో అయోడిన్ ముప్పావు వంతు దాకా తగ్గిపోతుంది, దానితో పేచీ లేదు. 30 ఏళ్ల అర్ధాయువున్న సీజియం వెయ్యో వంతు కూడా తగ్గదు, గడువు పొడిగించక తప్పదు. అర్ధాయువు 24,100 ఏళ్లున్న, రియాక్టర్ ఇంధనంలోనే పుట్టే ప్లుటోనియం-239 గారికి రిమైండర్లు పంపే గుమాస్తా పోస్టును మాత్రం ఖాళీ పడకుండా భర్తీ చేస్తుండాలని పైఅధికారులకు ఇప్పుడే లేఖ రాశాం.