ఉచిత ఆకాశ దర్శనాన్ని తక్షణం నియంత్రించాలి

వేసవి వచ్చిందంటే నీటి ఎద్దడిని, కరెంటు కోతలను, సమ్మర్ క్యాంపులను పౌరులుగా మనం ఓర్పుతో భరిస్తూనే ఉన్నాం. వీటికి తోడు మరో ఉపద్రవం బయలుదేరితే పట్టించుకునే నాథుడు లేడు. ఔత్సాహిక ఖగోళ పరిశీలకులమని చెప్పుకొనే కొందరు, పగలంతా ఏ బ్యాంకులోనో బడిలోనో బుద్ధిగా పనిచేసుకుని, చీకటి పడగానే పార్కుల్లోకి, అపార్ట్‌మెంటు డాబాల మీదికి టెలిస్కోపులు మోసుకొచ్చి, దారిన పోయేవారిని పిలిచి మరీ ఆకాశం చూపిస్తున్నారు. పైసా పుచ్చుకోరు. ప్లాటు అమ్మరు, పాలసీ కట్టించరు, కనీసం ఫోను నంబరైనా అడగరు. ఇంతకంటే అనుమానించదగిన ప్రవర్తన మరొకటి ఉంటుందా?

ఆకాశ వ్యవహారాలు నడపడానికి మన సమాజంలో పటిష్ఠమైన ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. గ్రహాల గురించి చెప్పేవారు చెబుతారు, వినేవారు దక్షిణ ఇచ్చి వింటారు. తల పైకెత్తవలసిన అవసరం ఇరుపక్షాలకూ రాదు. 2024 వేసవినే తీసుకోండి. గురుడు మే 18న, శుక్రుడు జూన్ 4న సూర్యుడికి ఆవలివైపు చేరడంతో రెండు మూఢాలూ కలిసివచ్చి, ముహూర్తాలు లేక ఫంక్షన్ హాళ్లు బోసిపోయాయి. గ్రహం కంటికి కనబడని రోజుల్లో శుభకార్యం తలపెట్టరాదన్న నియమాన్ని మనవాళ్లు అంత నిష్ఠగా పాటిస్తారు. అదే శుక్రుడు మిగతా నెలల్లో తూర్పునో పడమటనో దేదీప్యమానంగా వెలుగుతుంటే విమానమనుకునేవారే ఎక్కువ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని తరతరాలుగా చెప్పుకొంటున్నాం కదా. ఆ రోజుల్లో సూర్యుడు రోహిణి దగ్గరే ఉంటాడు కనుక ఆ చుక్కను చూడడం ఎవరి తరమూ కాదని, సాయంత్రంపూట చూడాలంటే చలికాలం దాకా ఆగాలని ఈ టెలిస్కోపువాళ్లు పిల్లలకు చెబుతున్నారు. రోళ్లకు లేని సందేహాలు పిల్లలకెందుకు?

శనైశ్చరుడి విషయంలో వారు చేసిన అపచారం మరీ ఘోరం. గుడిలో ఆయనకు ఎదురుగా నిలబడకూడదని, పక్కకు జరిగి దణ్ణం పెట్టుకోవాలని పెద్దలు చెప్పారు. 2013 నుంచి 2017 దాకా ప్రతి వేసవిలోనూ శని రాత్రివేళ చక్కగా కనబడిన పాపానికి, ఏలినాటి శని నడుస్తున్న పెద్దమనుషులు సైతం వరుసలో నిలబడి, ఐపీస్‌కు కన్ను ఆనించి, నేరుగా ఆయన్నే చూసి, ‘అబ్బ, ఎంత ముద్దుగా ఉన్నాడండీ!’ అన్నారు. ఇంకొందరు గొట్టం ముందువైపుకు వెళ్లి, అక్కడ స్టిక్కరేమైనా అంటించారేమోనని తొంగిచూశారు. సూర్యుడిని చుట్టిరావడానికి శనికి సుమారు 29న్నర ఏళ్లు పడుతుందని, ఆ లెక్కన రాశికి రెండున్నరేళ్లు, మూడు రాశులకు ఏడున్నరేళ్లు అని విన్నాక, తన మీద పగబట్టాడనుకున్న గ్రహం కేవలం నెమ్మదిగా నడుస్తోందని తెలిసి ఒకాయన ముఖం చిన్నబోయింది. ఆ వయసులో శత్రువును పోగొట్టుకోవడం సామాన్యమైన నష్టం కాదు.

ఈ దురాచారానికి మూలపురుషుడిగా జాన్ డాబ్సన్‌ను చెప్పుకోవాలి. 1915లో బీజింగ్‌లో పుట్టి, అమెరికాలో వేదాంత మఠంలో చేరి, ఓడ కిటికీ అద్దాలను అరగదీసి టెలిస్కోపుకు దర్పణాలు చేసుకుని, ఇరుగుపొరుగులకు చంద్రుణ్ణి చూపించడం మరిగాడు. 1967లో మఠం ఆయన్ను పంపివేసింది. మరుసటి ఏడాదికల్లా శాన్ ఫ్రాన్సిస్కో కాలిబాటల మీద తేలాడు. అట్టగొట్టం, ప్లైవుడ్ పెట్టెతో ఎవరైనా చేసుకోగలిగిన తన టెలిస్కోపు నమూనాకు పేటెంటైనా తీసుకోలేదు. సన్న్యాసం వదిలి కూడా సంపాదన మొదలుపెట్టని మనిషిని ఏమనాలి?

మా డాబా మీద కూడా ఇటీవల అలాంటి టెలిస్కోపే వెలసింది. అక్కడి వరుసకు శీఘ్రదర్శనం టికెట్టు లేదు, ప్రోటోకాల్ లేదు. వాచ్‌మన్ చూసిన తరువాతే అసోసియేషన్ అధ్యక్షుల వారికి వంతు వచ్చింది. ఆయన చంద్రుడి మీద అమెరికావాళ్లు పాతిన జెండా చూపించమన్నారు. భూమ్మీది ఏ టెలిస్కోపుకూ అది అందదట. మూడో అంతస్తు బామ్మగారు స్టూలు మీద కూర్చుని, ‘చందమామ పక్కకు జారిపోతున్నాడు నాయనా’ అంటే, ఆ కుర్రవాడు గొట్టాన్ని వేలితో కాస్త జరిపి, ‘జారుతున్నది మనమండీ బామ్మగారూ, భూమి తిరుగుతోంది కదా’ అన్నాడు. అద్దెకున్నవాళ్లను సైతం కదిలించడానికి జంకే భవనంలో యజమానులందరినీ ఒక్కమాటతో కదిలించేశాడు. ఆపైన దక్షిణాన కిందుగా ఒమేగా సెంటారీ అనే నక్షత్రగుచ్ఛం చూపించి, అందులో సుమారు కోటి నక్షత్రాలున్నాయని, న్యూజెర్సీ నుంచైతే అది దాదాపు కనబడదని గర్వంగా చెప్పాడు. అమెరికాలో దొరకని వస్తువును మన పిల్లలకు అలవాటు చేయడం ఎంతవరకు భావ్యం?

కనుక డాబా మీద తెల్లవార్లూ వెలిగే ఫ్లడ్‌లైటు బిగించాలని నేను ప్రతిపాదించాను. ఆ వెలుగుకు నక్షత్రగుచ్ఛాలు అణిగిపోతాయి కానీ, చంద్రుడూ గురుడూ లొంగరని తేలింది. అందుచేత షామియానా వేయాలని కార్యదర్శిగారు ఇంటింటికీ చందా రాస్తున్నారు. అయితే జూన్‌లో నైరుతి రుతుపవనాలు వచ్చి ఆ పనేదో ఉచితంగానే చేసిపెడతాయి కాబట్టి, వసూళ్ల విషయంలో వారు కొంచెం నిదానించవచ్చని నా మనవి.