నిమ్మకాయ కట్టిన డ్రోను

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో అప్పల్రాజు గారి గృహప్రవేశం. హోమం పొగ ఇంకా కళ్లలో మండుతుండగానే ఆయన డాబా మీదకి డ్రోను పట్టుకొచ్చేశారు. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో 249 గ్రాములని ఉంది. ఆ అంకెని ఆయన పెళ్లిచూపుల్లో పిల్ల చదువు చెప్పినట్టు అందరికీ చెప్పారు.

"మావయ్యా, డ్రోను ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే గవర్నమెంటు మ్యాపుంది, డిజిటల్ స్కైలో. ముందు అది చూడాల. నేవీ వాళ్ల విమానాల స్థావరం డేగా మన ఊళ్లోనే ఉంది గదా" అన్నాడు మేనల్లుడు సీను.

"ఒరే, 250 దాటలేదురా. నానో! దీనికి మ్యాపేటి? కాకికి మ్యాపుందేటి?"

2021 డ్రోన్ రూల్స్ నానోకి ఇచ్చిన పెద్ద వెసులుబాట్లు ఎగరేసేవాడికి పైలట్ సర్టిఫికెట్టూ, డ్రోను మోడల్‌కి టైప్ సర్టిఫికెట్టూ అడక్కపోవడం. మ్యాపు మాత్రం పిచ్చుకంత డ్రోనుకీ పాతిక కిలోల డ్రోనుకీ ఒకటే. ఎర్ర రంగున్న చోట కేంద్రం అనుమతి లేనిదే లేవకూడదు. ఎయిర్‌పోర్టు ప్రహరీ నుంచి 5 కిలోమీటర్లు దాటి 8 వరకూ నేల దగ్గర్నుంచే పసుపు, అంటే విమానాల రాకపోకలు చూసే ఏటీసీని అడగాలి. 8 నుంచి 12 వరకూ 200 అడుగుల లోపు పచ్చ, అంటే ఎవర్నీ అడగక్కర్లేదు; ఆపైన పసుపు. ఇంకా దూరం పోతే, వేరే నిషేధం లేని చోట, 400 అడుగుల దాకా పచ్చ. నేవీ స్థావరాలతో నిండిన ఊళ్లో ఈ మ్యాపు చూడకుండా లేపడం కళ్లకి గంతలు కట్టుకుని జగదాంబ జంక్షన్ దాటడమే.

ఆ 249 కూడా ఎంతోసేపు నిలవలేదు. పంతులు గారు కొత్త బండికి చేసినట్టే దీనికీ పూజ చేశారు. కెమెరాకి కుంకుమబొట్టు, మీద మూరెడు మల్లెలు, పొట్ట కింద దారంతో నిమ్మకాయ. రూల్స్ లెక్కేసేది మోసుకెళ్లే సరుకుతో కలిపిన మొత్తం బరువు. నిమ్మకాయతోనే నానో కాస్తా దాని పై తరగతి మైక్రో అయిపోయింది.

మల్లెలు రెక్కలకి చుట్టుకుంటాయని సీను పీకేశాడు. నిమ్మకాయ జోలికి పోతే అత్తయ్య ఊరుకోలేదు. ఆ నిమ్మకాయేమో సరిగ్గా నేలని చూసే కింది సెన్సరుకి అడ్డంగా ఊగుతోంది.

యాప్ దిక్సూచి క్యాలిబ్రేట్ చెయ్యమంది. అప్పల్రాజు గారు డ్రోనుని అడ్డంగా పట్టుకుని ఒక చుట్టు, నిలువుగా పట్టుకుని ఇంకో చుట్టు తిరిగారు. భోజనాలకొచ్చినవాళ్లు అదీ పూజలో భాగమేననుకుని దణ్ణం పెట్టారు. తిరిగిందేమో షామియానా ఇనప గుంజ పక్కన, కింద స్లాబు నిండా ఇనప ఊచలు. అలాంటి చోట క్యాలిబ్రేట్ చెయ్యడం కన్నా చెయ్యకపోవడమే నయం.

నీళ్ల ట్యాంకు చాటున జీపీఎస్‌కి ఉపగ్రహాలు చాలినన్ని దొరకలేదు. అవి దొరికితేగానీ తిరిగి రావాల్సిన చోటుని డ్రోను గుర్తుపెట్టుకోలేదు. "హోమ్ పాయింట్ నమోదైంది అని చెప్పేదాకా ఆగు మావయ్యా" అన్నాడు సీను. "హోమ్ ఇక్కడే ఉంది గదరా, ఇయ్యాలే గదా గృహప్రవేశం చేశాం!" అని ఆయన రిమోట్ మీది పుల్ల పైకి తోసేశారు.

లేచింది. జీపీఎస్ లేదు, కిందకి చూద్దామంటే నిమ్మకాయే కనబడుతోంది. నిలబడ్డానికి ఆసరా లేని డ్రోను గాలి ఎటు తోస్తే అటే పోతుంది. మధ్యాహ్నం కదా, సముద్రపు గాలి దాన్ని ఊరివైపుకి, పక్క అపార్ట్‌మెంటు మీదకి జరిపింది. ట్యాంకు నీడ దాటేసరికి ఉపగ్రహాలు దొరికాయి. 'హోమ్ పాయింట్ నమోదైంది' అంది ఫోను. అంటే డ్రోను లెక్కలో ఇల్లు ఇప్పుడు పక్కవాళ్ల డాబా.

ఇంతలో కాకులు చుట్టుముట్టాయి. అప్పల్రాజు గారు కంగారుగా రిటర్న్ బటన్ నొక్కారు. డ్రోను బుద్ధిగా కాస్త పైకి లేచి, తనకి తెలిసిన ఇంటికి పోయి, నిట్టనిలువుగా దిగడం మొదలెట్టింది.

ఆ డాబా మీద తెల్ల పంచె పరిచి, దాని నిండా మినప వడియాలు. పక్కన కాకుల్ని తోలే కర్రతో పిన్నిగారు. రెక్కల గాలికి ఆరిన వడియాలు లేచిపోయాయి, ఆరనివి రెక్కలకి అంటుకున్నాయి. పిన్నిగారు ఇంత పెద్ద కాకిని ఎప్పుడూ చూళ్లేదు. ఒక్కటే దెబ్బ.

పిన్నిగారి భర్త నేవీలో చేసి రిటైరైన మనిషి. మినప్పిండి కారుతున్న డ్రోనుని రెండు వేళ్లతో పట్టుకుని గుమ్మంలోకొచ్చి, "మ్యాప్ చూసే ఎగరేశారా?" అన్నారు. జరిమానా లక్ష రూపాయల దాకా పడొచ్చని కూడా నిదానంగా చెప్పారు. అప్పల్రాజు గారు బూరెల పళ్లెం ముందుకి జరిపారు.

సాయంత్రం కొత్త రెక్కలు బిగించారు. నాలుగూ ఒకేలా కనబడతాయి గానీ రెండు సవ్యంగా, రెండు అపసవ్యంగా తిరుగుతాయి. గుర్తు గీసిన రెక్క గుర్తు గీసిన మోటారుకే వెయ్యాలి. అప్పల్రాజు గారు చేతికందినవి వేసేశారు. మోటార్లు తిరగ్గానే డ్రోను అక్కడే పిల్లిమొగ్గ వేసి వెల్లకిలా పడింది.

"సీనూ, పంతులు గారు ఎంతవరకూ ఎలిపోయార్రా? ఓపాలి ఫోన్ చెయ్" అన్నారాయన.