ఆదివారం అరుగు మీద ఒక గంట

మా డెల్టాలో ఇచ్చే చేతులకు కొదవ లేదు. ఏ ఊరి బడికి వెళ్లినా గోడ మీద ఒక దాత పేరు కనిపిస్తుంది. హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడినవాళ్లు సంక్రాంతికి వచ్చి బెంచీలు, ఫ్యాన్లు ఇచ్చి వెళ్తారు. చాలా మంచి పని. కానీ ఆ బెంచీ మీద కూర్చునే పిల్లాడితో వారానికి ఒక గంట గడిపే పెద్దమనిషి కావాలంటే మాత్రం వెతుక్కోవాలి. ఆ గంట ఇచ్చి చూడండి. ఇచ్చినదానికంటే మనకు దక్కేదే ఎక్కువని మూడేళ్ల అనుభవంతో చెబుతున్నాను.

నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. పాలకొల్లు దగ్గర మా ఊరి లైబ్రరీ అరుగు మీద ప్రతి ఆదివారం పిల్లలతో కూర్చుంటాను. నలుగురూ తిరిగే చోటు, తల్లిదండ్రులకు తెలిసిన వేళ. అలా అయితేనే అందరికీ నిశ్చింత.

మొదలుపెట్టింది ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష కోసం. ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలు, ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటనివాళ్లు రాయొచ్చు. ఎంపికైతే ఏటా 12,000 రూపాయల చొప్పున నాలుగేళ్లు వస్తాయి. తీరా చూస్తే లెక్కల కంటే కాగితాలే పిల్లల్ని ఎక్కువ భయపెడుతున్నాయి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బడి రికార్డులో పొడి అక్షరమే ఉంటుంది, బ్యాంకు పాస్‌బుక్కులో మరోలా ఉంటుంది. స్కాలర్‌షిప్ వచ్చాక కూడా ఏటా రెన్యూవల్ చేయించకపోతే డబ్బు ఆగిపోతుంది. ఈ చిక్కుముళ్లు విప్పడమే నా ఉద్యోగం అన్నాళ్లూ. రిటైరయ్యాక ఇక నా అనుభవం ఎవరికి పనికొస్తుందిలే అనుకున్నాను. అది పనికొచ్చిన రోజు ఇంటికి వెళ్లి కడుపునిండా అన్నం తిన్నాను.

ఒక కుర్రాడికి విలోమానుపాతం ఎంత చెప్పినా ఎక్కలేదు. పనివాళ్లు పెరిగితే రోజులు తగ్గుతాయన్న పుస్తకం లెక్క దగ్గర బిక్కమొహం వేసేవాడు. వాళ్ల నాన్న రొయ్యల చెరువు మీద కాపలా ఉంటాడు. పట్టుబడి రోజున ఏం చూస్తారని మాటల్లో అడిగాను. "కౌంటండి. కేజీకి 100 తూగితే 100 కౌంటు. 50 కౌంటంటే రొయ్య పెద్దదండి, ఒక్కోటి 20 గ్రాములుంటది. కౌంటు తగ్గితే రేటు పెరుగుద్దండి" అన్నాడు గుక్కతిప్పుకోకుండా. నువ్వు ఇప్పుడు చెప్పిందే విలోమానుపాతంరా అన్నాను. కాసేపు పుస్తకం వంక చూసి, పెన్సిలు తీసుకుని 40 కౌంటుకు 25 గ్రాములని తనే వేసుకున్నాడు. చెరువులకు అప్పులిచ్చిన బ్యాంకులో పనిచేసి కూడా చెరువు గట్టు మీద నడిచే లెక్క నాకు ఇంత దగ్గరగా తెలియదు. వాడు నేర్పాడు.

పెద్దవాళ్లకు కుర్రకారు అండ అన్నది గోదావరి గట్టుకు పాత మాటే. 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టిన కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించారు. ఊరి పెద్దలు ఎదురు తిరిగిన ఆ రోజుల్లో ఆయన పక్షాన విద్యార్థులు నిలబడ్డారు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. నాలుగు వారాలు వచ్చి మానేసేటట్టయితే అసలు మొదలుపెట్టకండి. మా వైపు చాలా ఇళ్లలో తల్లులు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటి పనికి వెళ్లారు. పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. మనుషులు వెళ్లిపోవడం వాళ్లకు అలవాటైపోయింది. కంటి ఆపరేషన్ అని నేను రెండు ఆదివారాలు చెప్పకుండా మానేశాను. మూడో వారం వెళ్తే ఆ కుర్రాడు రాలేదు. ఇంటికి వెళ్లి అడిగితే వాళ్ల అమ్మమ్మ, "మీరూ ఎల్లిపోయారనుకున్నాడండి" అంది. వాడు తలుపు వెనక నిలబడి ఉన్నాడు.

అప్పటినుంచి ఊరు దాటే ముందు మళ్లీ ఏ తేదీన వస్తానో వాడికి చెప్పి వెళ్తున్నాను. రఫ్ నోట్సు చివరి పేజీలో రాసుకుంటాడు. ఆ పేజీలో ఇప్పటికి ఏడు తేదీలున్నాయి. ఏడింటికీ పక్కన టిక్కు పెట్టాడు.