50 హెర్ట్జుల భూకంపం

2025 సంక్రాంతికి దర్శిలో అత్తగారింటికి వెళ్లాం. పండగ కంటే నాకు కారు డిక్కీలో కొత్తగా పెట్టించిన ఊఫర్ మీదే, అదే, దడదడలాడించే ఆ పెద్ద బేస్ స్పీకర్ మీదే ధ్యాస. ఒంగోలు నుంచి దారి పొడుగునా పాటలే. మా ఆవిడ మాత్రం "పాట సంగతేమోగానీ, రేకుల మీద కంకర పోస్తున్నట్టుంది" అంది.

ఇంజనీరింగ్ చదువుతున్న బామ్మర్ది డిక్కీ తీసి చూశాడు.

"బావా, గెయిన్ మొత్తం తిప్పేసి పెట్టావేంది?"

"మొత్తం డబ్బులిచ్చి కొన్నాం కదరా, సగంలో ఎందుకు ఆపడం?"

గెయిన్ అంటే వాల్యూమ్ కాదంట. ముందుండే స్టీరియో కొన్ని రెండు ఓల్టులు పంపుతాయి, కొన్ని నాలుగు. వచ్చేదాన్ని బట్టి యాంప్లిఫయర్ చెవిని సర్దడమే గెయిన్. మా తాతయ్యకు వినపడదు కాబట్టి అరుస్తాం; అదే గొంతుతో మామగారితో మాట్లాడితే? హద్దు దాటి తిప్పితే శబ్దపు అల పైనా కిందా తెగి చదునైపోతుంది. అదే క్లిప్పింగ్. మన చెవికి గరగర, ఊఫర్ కాయిల్‌కి సెగ.

రాత్రి భోజనాలయ్యాక పని మొదలుపెట్టాం. ఊఫర్ వైర్లు పీకేశాం. బేస్ బూస్ట్ తీసేసి, గెయిన్ అడుక్కి తెచ్చి, స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతుకు పెట్టి 50 హెర్ట్జుల టోన్, అంటే ఒకే తీరుగా మోగే లోతైన మోత, వేశాడు వాడు. యాంప్లిఫయర్ 400 వాట్లు, ఊఫర్ 4 ఓములు. గుణిస్తే 1600, వర్గమూలం 40. ఊఫర్ వైర్లు పీకిన చోట ఓల్టులు కొలిచే మీటర్ పెట్టి, అందులో 40 ఓల్టులు కనపడేదాకా గెయిన్ మెల్లగా తిప్పాలి. వర్గమూలం దేనికి పనికొస్తుందని బళ్లో అడిగి తన్నులు తిన్నవాణ్ణి నేను. మాస్టారు అప్పుడే ఊఫర్ సంగతి చెప్పుంటే బుద్ధిగా నేర్చుకునేవాణ్ణి.

వాడు ముందు సీట్లో స్టీరియో దగ్గర, నేను డిక్కీలో మామగారి మీటర్‌తో.

"ఎంతొచ్చింది బావా?"

"సున్నా."

"ఇంకొంచెం తిప్పు."

తిప్పా. సున్నా. సగానికి తిప్పినా సున్నానే. చివరాఖరికి తిప్పినా అంతే.

మామగారు పొద్దున ట్రాక్టర్ బ్యాటరీ చూసుకుని మీటర్‌ని డీసీలోనే వదిలేశారని మాకేం తెలుసు? యాంప్లిఫయర్ నుంచి వచ్చేది ఏసీ. డీసీలో పెట్టి చూస్తే తెల్లార్లూ సున్నానే.

"మీటరే చెడిపోయినట్టుంది, వైర్లు తగిలించి చూద్దాం" అన్నాను. తగిలించాను.

ఢాం అని కాదు. "భూఁ" అని. గేటు గడగడలాడింది, వంటింట్లో స్టీలు డబ్బాలు మోగాయి, పక్కింటి రేకుల షెడ్డు వణికింది. నెల కూడా కాలేదు, పక్కనే ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో భూమి కంపించి. జనం ఆ బెదురులోనే ఉన్నారు. "మళ్లీ వచ్చిందే!" అంటూ పిల్లల్ని చంకనేసుకుని వీధిలోకొచ్చారు. అందరికంటే ముందు పరిగెత్తింది మా బామ్మర్ది. స్టీరియో ఆపాల్సినవాడు వాడే!

నేను డిక్కీలోంచి దూకి, డోరు ఎటువైపుందో తడుముకుని ఆపేసరికి వీధి వీధంతా కారు చుట్టూ ఉంది. ఆగింది కదా, అందరికీ విషయం అర్థమైంది. డిక్కీలోంచి మాడు వాసన. అత్తగారు నాతో ఏమీ అనలేదు, "ఆయన్ని లోపలికి రమ్మనవే, మంచు పడతా ఉంది" అని కూతురికి చెప్పారు.

మర్నాడు మీటర్ ఏసీలో పెట్టి చూస్తే గెయిన్ సగం కూడా తిరగకముందే 40 వచ్చింది. ఊఫర్ బతికింది గానీ గొంతు మారింది.

ఇప్పుడు దర్శిలో కారు దిగీ దిగగానే పక్కింటి పెద్దమ్మ అరుగు మీంచి పలకరిస్తుంది.

"అల్లుడుగారూ, ఈ రాత్రి ఏమన్నా కదిలిస్తారా? ముందే చెప్పండి, పాలగిన్నె కిందకి దించుకుంటా."