కుక్కకు విసిరిన ముక్క

బండి మీంచి జారిపడ్డ మనిషికి పైకి పెద్ద దెబ్బలేమీ కనిపించవు. కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం, బీపీ పడిపోవడం. ఇలాంటప్పుడు ఒక్కోసారి అసలు సంగతి కడుపు స్కానింగ్‌లో బయటపడుతుంది. కాలేయంలో ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా పెరిగిన నీటి తిత్తి ఆ దెబ్బకు చిట్లి ఉంటుంది. డాక్టర్లు దీన్ని హైడాటిడ్ సిస్ట్ అంటారు. దీనికి మూలం కుక్క పేగుల్లో బతికే బద్దెపురుగు. దాని పొడవు కొన్ని మిల్లీమీటర్లే.

పురుగు గుడ్లు కుక్క మలంతో బయటికొచ్చి నేలలో, నీళ్లలో, ఆకుకూరల మీద చేరతాయి. గొర్రె మేతతో పాటు వాటిని మింగితే దాని కాలేయంలో తిత్తులు పెరుగుతాయి, ఆ పచ్చి కాలేయం తిన్న కుక్కలో మళ్లీ పురుగులు తయారవుతాయి. మనిషి సరిగా కడగని కూరతోనో, కుక్కను నిమిరిన చేత్తోనో ఆ గుడ్లను మింగుతాడు. మటన్ తినడం వల్ల ఈ జబ్బు రాదు. మాంసం ముట్టనివారికీ ఇది రావచ్చు.

తిత్తిలోని నీరు తేటగా ఉంటుంది. ప్రమాదమంతా అందులోని ప్రొటీన్లది. యాంటిజెన్ 5, యాంటిజెన్ బి వాటిలో ముఖ్యమైనవి. తిత్తి నుంచి ఇవి కొద్దికొద్దిగా బయటికి ఊరుతుంటే శరీరం వాటిని పరాయివిగా గుర్తుపట్టి అలర్జీకి కారణమయ్యే ఐజీఈ యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది. అవి రోగనిరోధక వ్యవస్థలోని మాస్ట్ కణాలకు అతుక్కుని ఉంటాయి. తిత్తి పగిలి ప్రొటీన్లన్నీ ఒక్కసారి రక్తంలో కలిస్తే ఆ కణాలు హిస్టమిన్‌ను కుమ్మరిస్తాయి. రక్తనాళాలు వదులైపోతాయి, శ్వాసనాళాలు బిగుసుకుపోతాయి. ప్రాణం మీదికి తెచ్చే ఈ అలర్జీనే అనాఫిలాక్సిస్ అంటారు. తిత్తి పగిలిన అందరికీ ఇది రాదు, వచ్చినవారికి మాత్రం నిమిషాలే గడువు. తొడ కండరానికి వెంటనే అడ్రినలిన్ ఇంజక్షన్ పడాలి. ఆపరేషన్ థియేటర్‌లో ఇది మరీ కష్టం. దద్దుర్లు గుడ్డల కింద ఉండిపోతాయి, పడిపోయిన బీపీని రక్తం పోవడంగా పొరబడే వీలుంది.

ఒకప్పుడు ఈ అలర్జీనే జబ్బును గుర్తించడానికి వాడారు. 1911లో ఇటలీ డాక్టర్ కాసోనీ తిత్తి నీటిని కొంచెం చర్మంలోకి ఎక్కించి, దద్దు లేస్తుందేమో చూసే పరీక్ష తెచ్చాడు. తప్పుడు ఫలితాలు వస్తుండటం, పరీక్షే అలర్జీ తెచ్చే ప్రమాదం ఉండటంతో అది మూలపడింది. ఇప్పుడు ఆ పని అల్ట్రాసౌండ్ చేస్తోంది.

ఇది మనకు దూరపు జబ్బు కాదు. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణ మొదటిది, ఆంధ్రప్రదేశ్ రెండోది. మందలున్నచోట కాపలా కుక్కలుంటాయి, మాంసం కొట్టు ఉన్నచోట వీధి కుక్కలుంటాయి. బుడగలున్న కాలేయం అమ్ముడుపోదు కాబట్టి కొట్టువాడు దాన్ని పక్కన కాచుకున్న కుక్కకు విసిరేస్తాడు. అతన్ని తిట్టి లాభం లేదు, దాన్ని పారేయడానికి ఆ వీధిలో వేరే చోటు ఎవరూ చూపలేదు.

ఐస్‌లాండ్ ఈ జబ్బును వదిలించుకుంది. 1864లో దీని గురించి చిన్న పుస్తకం ప్రజలకు పంచారు, 1869లో చట్టం తెచ్చారు. తిత్తులున్న అవయవాలు కుక్కలకు అందకుండా చూశారు, కుక్కలకు మందు పట్టించారు. దానికి దశాబ్దాలు పట్టింది. ఇప్పుడు కుక్కల్లో ఈ పురుగును చంపే ప్రాజిక్వాంటెల్ మందు ఉంది, గొర్రెలకు ఈజీ95 అనే టీకా కూడా కనిపెట్టారు.

పంచాయతీలు, మున్సిపాలిటీలు ప్రతి మాంసం కొట్టు దగ్గర మూత ఉన్న గొయ్యి తవ్వించాలని మేము కోరుతున్నాం. వీధి కుక్కలకు ఆపరేషన్లు, రేబిస్ టీకాలు వేసేటప్పుడే నులిపురుగుల మందూ పట్టించాలి. పశుసంవర్ధక శాఖ మందల్లోని కుక్కలను వదిలేయకూడదు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడ్రినలిన్ ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. వీటిలో గొయ్యి ముందు కావాలి. మందు వేసిన కుక్క మళ్లీ పచ్చి కాలేయం తింటే ఆరేడు వారాల్లో పురుగులు పెరిగి తిరిగి గుడ్లు పెడతాయి.