ముక్కూ, కాఫీలో టైరేమిటి?

ముక్కు గారికి,

ముఖం నడిమధ్యన కూర్చుని మూడేళ్లు ఒక్క పని చేయలేదు నువ్వు. లోపల పెరిగిన మెత్తటి కండలు, అదే పాలిప్స్, అడ్డొచ్చాయన్నావు, సరే. ఆ మూడేళ్లూ ఇంగువ తిరగమోతను చెవులతో విన్నాను. నాలుకకు తెలిసేది పులుపు వరకే. ఇది గోంగూర, అది చింతకాయ అని చెప్పాల్సింది నువ్వు.

ఒకరోజు పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. గ్యాస్‌కు సొంత వాసన ఉండదని, లీకైతే తెలియడానికే మెర్కాప్టన్ అనే కుళ్లు కంపు కలుపుతారు. అది పక్కింటావిడకు అందింది. స్టవ్ పక్కనే నాతోపాటు పేపర్ చదువుతున్న నీకు అందలేదు.

అందుకే సైనస్ ఆపరేషన్. ముక్కుపిండి వసూలు చేయడం అంటే ఏమిటో బిల్లు కౌంటర్ దగ్గర తెలిసింది. మూడో వారం నువ్వు డ్యూటీలో చేరావు. చేరగానే పట్టుకొచ్చిన మొదటి వాసన? మా వీధి చివరి మురుగు కాలవ! అది మాత్రం అచ్చు గుద్దినట్టు. మల్లెపూలు చూపిస్తే ఫినాయిల్ అన్నావు. ఫిల్టర్ కాఫీ చూపిస్తే కాలిన టైరు అన్నావు. “పొడి మార్చావా?” అని అడిగిన పాపానికి మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

వాసన పట్టే కణాలు నీ పైకప్పులో ఉంటాయట. పాతవి పోయి కొత్తవి పుడుతుంటాయట. అవి మెదడుతో సరిగ్గా తీగ కలుపుకునేదాకా ఇలా తప్పుడు కబుర్లే మోస్తావట. దీన్ని పారోస్మియా అంటారని డాక్టర్ చెప్పారు. పని చెడగొట్టడానికి ఎంత దర్జా పేరు!

ఇప్పుడు నీకు ట్యూషన్ కూడా. గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్, రోజుకు రెండుసార్లు, 12 వారాలు. 2009లో జర్మనీ డాక్టర్లు ప్రచురించిన సిలబస్ ఇది. దేవుడి బుట్టలోంచి గులాబీ తీసి వాసన చూస్తుంటే అమ్మ పట్టుకుంది. “వాసన చూసిన పువ్వు పూజకు పనికిరాదురా!” నీ చదువు కోసం దేవుడితో కూడా మాట పడ్డాను.

నిన్న లవంగం లవంగంలాగే వచ్చింది. సంతోషం. కానీ మే నెలలో ఇంట్లో ఆవకాయ కలుపుతారు. కొత్త జాడీ మూత తీసి, నిన్ను దాని ముందు నిలబెట్టి అడుగుతాను. అప్పుడు కూడా టైరు అన్నావో, మళ్లీ పాలిప్స్‌కే అద్దెకిచ్చేస్తాను.

ఇట్లు,
నీ యజమానిని అనుకుంటున్నవాడు