తెర వెలిగితే పాఠం అయినట్టేనా?

తరగతి గదిలో తెర ఎన్ని నిమిషాలు వెలిగిందో చూసి టీచరు పనితనాన్ని తేల్చే పద్ధతి పాఠశాలల్లోకి చొరబడింది. ఎవరు ఎన్నిసార్లు లాగిన్ అయ్యారు, ఎన్ని వీడియోలు నడిపారు, వాడకం లెక్కలు చూపే డ్యాష్‌బోర్డులో ఎవరి గడి ఆకుపచ్చగా ఉంది, ఎవరిది ఎర్రబడింది? సమీక్షా సమావేశాల్లో ఇదే చర్చ. పిల్లలకు ఏం వచ్చిందని అడిగే గొంతు అక్కడ వినిపించడం లేదు. దీనికి ఆధునిక బోధన అని పేరు పెడితే మేం ఒప్పుకోం.

లెక్క అడగకపోతే లక్షలు పోసి కొన్న పరికరాలు అట్టపెట్టెల్లోనే ఉండిపోతాయన్నది అధికారుల వాదన. డబ్బు వృథా కాకూడదన్న మాట నిజమే. కానీ పరికరం తిరిగిందా లేదా అన్నది కొన్నవాళ్ల బెంగ, పిల్లల అవసరం వేరు.

భిన్నాల కూడికే తీసుకోండి. 1/3కి 1/4 కలపమంటే పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కూడేసి 2/7 అని రాసే పిల్లలు చాలా తరగతుల్లో కనిపిస్తారు. బొమ్మల వీడియో ఈ లెక్కను నాలుగు నిమిషాల్లో రంగుల పట్టీలతో ముచ్చటగా చేసి చూపిస్తుంది. అందరూ తలలూపుతారు. పాఠం ‘పూర్తి’ అని నమోదవుతుంది. నోటుపుస్తకం తెరిపిస్తే మళ్లీ 2/7.

అదే వీడియోను రెండు పట్టీలు పక్కపక్కన నిలిచిన చోట ఆపేసే టీచరూ ఉంటుంది. జవాబు రాకముందే తెర ఆర్పి, ‘ఈ రెండింటినీ ఒకే కొలతతో కొలవాలంటే ఎన్ని ముక్కలు చేయాలి?’ అని అడుగుతుంది. పిల్లలు గీస్తారు, చెరిపేస్తారు, పక్కవాడితో వాదిస్తారు. 2/7 అని రాసిన పిల్ల తన జవాబు 1/3 కన్నా చిన్నదని చూసుకుని ఆగిపోతుంది. కలిపితే తగ్గడమేమిటి? పాఠం మొదలయ్యేది ఆ క్షణానే. తరగతి తంటాలు పడి 12 ముక్కల దగ్గరకు, అక్కణ్నుంచి 7/12కి చేరాక తెర మళ్లీ వెలుగుతుంది, సరిచూసుకోవడానికి. మొత్తమ్మీద అది వెలిగింది రెండు మూడు నిమిషాలే. ఇప్పటి లెక్క ప్రకారం ఈ టీచరు గడి ఎరుపు!

ఈ పాఠం ప్రపంచం నేర్చుకోనిదేమీ కాదు. పెరూ దేశం 8 లక్షలకు పైగా ల్యాప్‌టాప్‌లు పంచింది. గణితంలో గానీ భాషలో గానీ మార్కులు పెరిగిన ఆధారం కనిపించలేదని 2012లో వెలువడిన అధ్యయనం చెప్పింది. కంప్యూటర్ల మీద భారీగా ఖర్చు చేసిన దేశాల్లో పదిహేనేళ్ల పిల్లలకు పెట్టే అంతర్జాతీయ పీసా పరీక్షల ఫలితాలు చెప్పుకోదగ్గంతగా మెరుగుపడలేదని, వాటిని నిర్వహించే దేశాల కూటమి ఓఈసీడీ 2015లోనే తేల్చింది. సాంకేతికత ఎవరి షరతుల మీద నడవాలన్నదే అసలు ప్రశ్న అని యునెస్కో 2023 నివేదిక నిలదీసింది. మన జవాబు ఒకటే: ఆ గదిలో నిలబడి పిల్లల ముఖాలు చూస్తున్న టీచరు షరతుల మీద.

తెరలు వద్దని మేం అనడం లేదు. కొట్టుకునే గుండెలో కవాటాలు తెరుచుకుని మూసుకోవడం, చంద్రకళలు మారడం నల్లబల్ల మీద చూపించడం కష్టం. చూపు మందగించిన పిల్లకు అక్షరం పెద్దది చేసే ట్యాబ్, చదవలేని బాబుకు పాఠం వినిపించే యాప్ అందకపోతే అన్యాయం. ఒక్క ప్రశ్న వేసి తరగతిలో ఎందరు 2/7 వైపు మొగ్గారో నిమిషంలో చూపించే సాధనం మంచి టీచరు చేతిలో బంగారమే. కృత్రిమ మేధతో పది అభ్యాస ప్రశ్నలు రాయించుకున్నా తప్పు లేదు, పిల్లల ముందు పెట్టే ముందు ప్రతి ప్రశ్ననూ తానే చేసి చూసుకుంటే. పిల్లలు ఆలోచించాల్సిన పనిని యంత్రం లాగేసుకుంటుంటే మాత్రం ఆపేయాల్సిందే. ఎప్పుడు ఆపాలో టీచరుకు తెలుస్తుంది. నిమిషాల లెక్క ఆ తెలివిడినే నేరం చేస్తోంది.

ఇది ఇక్కడితో ఆగుతుందన్న భరోసా కూడా లేదు. ఇవాళ వీడియో నిమిషాలు, రేపు యాప్ ఇచ్చిన క్రమంలోనే పాఠం, ఎల్లుండి యాప్ వేసిన మార్కులే తుది మార్కులు. కరోనా కాలంలో వాడిన విద్యా సాధనాల్లో తాము పరిశీలించిన వాటిలో 89 శాతం పిల్లల సమాచార గోప్యతను కాలరాశాయని, లేదా ఆ ముప్పు తెచ్చాయని మానవ హక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ వాచ్ 2022లో బయటపెట్టింది. ఏ యాప్ పిల్లల గురించి ఏం పోగేస్తోందో అడిగే తీరిక లేనివారికి, టీచరు ఎన్ని నిమిషాలు నడిపిందో లెక్కించే తీరిక ఎక్కడిది?

వాడకం నిమిషాలను పనితీరు అంచనాల్లోంచి వెంటనే తొలగించాలి. కొనుగోలు కమిటీల్లో పాఠం చెప్పేవాళ్లను కూర్చోబెట్టాలి. పరికరంతో పాటు శిక్షణకూ, మరమ్మతుకూ నిధులు ఇవ్వాలి. ఆకుపచ్చ గడులు చూసి మురిసిపోతున్న అధికారులు ఒక్కరోజు తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుని, పక్కనున్న పిల్ల నోటుపుస్తకం తెరిచి చూడాలి. ఆ పని చేయలేనివారికి టీచర్లను సంజాయిషీ అడిగే అర్హత లేదు.